కొంగల దిబ్బ మన్ను

నసిలేలేకు అనుమానం పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఎవరైనా అడక్కుండా చేప ఇచ్చారంటే మొప్ప ఎత్తి చూస్తుంది, నిన్నటిదేమోనని. ఎవరైనా పొగిడారంటే వెంటనే పశువుల దొడ్డివైపు ఒక కన్నేస్తుంది. మొగుడు పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఎవరు మనసారా ఏడ్చారో, ఎవరు ఏడుస్తూనే ఇంటి వాసాలు లెక్కపెట్టారో ఆమెకు ఇప్పటికీ గుర్తే. అలాంటి మనిషి కాపురముండే కొంగల దిబ్బ మీదికి ఒక ఎండాకాలం పొద్దున, మరిది సిత్వాలా దోనెలో కూర్చుని ఎవరో పట్నం పిల్ల వచ్చి దిగింది. ఇంకేముంది!

అసలే ఆమెకు సిత్వాలా అంటే పడదు. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. కానీ అన్న పోయిన దగ్గర్నుంచీ కొంగల దిబ్బను "అన్న దిబ్బ" అంటాడు. "అన్న దిబ్బ మీద గడ్డి బాగా పెరిగింది వదినా" అంటాడు. "అన్న దిబ్బకి ఈసారి నీళ్ళు ఎక్కలేదే" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నసిలేలేకు ఒళ్ళు మండిపోయేది. దిబ్బ తనది. తన అమ్మమ్మ నలుకుయి అక్కచెల్లెళ్ళను వెంటేసుకుని తట్టలతో బురద మోసి పోసిన దిబ్బ అది. మొగుడు పెళ్ళాడి ఆ దిబ్బ మీదికి వచ్చాడే కానీ, దిబ్బను వెంట తెచ్చినవాడు కాదు. జాంబెజీ ఏరు పొంగి మైదానమంతా నీళ్ళయినప్పుడు సిత్వాలా దిబ్బ అందరికంటే ముందు మునుగుతుంది, అందరి తర్వాత తేలుతుంది. కొంగల దిబ్బ మీద అతనికి కన్ను లేదంటే ఎట్లా నమ్ముతుంది?

"ఎవరయ్యా ఈ పిల్ల?" అంది, ఎండు చేపలు తిరగేస్తూ.

"పెద్ద చదువుల పిల్ల వదినా. పేరు చోల్వే. లుసాకా నుంచి వచ్చింది. టోంగాల పిల్ల."

"టోంగానా? అందుకే నీ దోనె అంచుదాకా మునిగింది. పాలూ వెన్నా తిన్న ఒళ్ళు!"

టోంగా తెగకూ లోజీ తెగకూ మేనరికపు వరస. ఎంత తిట్టుకున్నా తప్పు పట్టకూడదు. ఆ పిల్లకు ఆ సంగతి బాగానే తెలుసు. మోకాళ్ళ మీద కూర్చుని, పద్ధతిగా చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టి, "మునిగింది నా వల్ల కాదత్తా. మీ లోజీల గొప్పలు కూడా ఎక్కాయి కదా, వాటి బరువు" అంది.

నసిలేలేకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును లోపలికే మింగింది. నవ్వించేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలని ఆమె లెక్క.

"ఏం పని మీద వచ్చావమ్మా?"

"చదువు పనే అత్తా. జాంబెజీ ఎగువనంతా నేల ఎట్లా ఉందో, ఆ నేల మీద మనుషులు ఎట్లా బతుకుతున్నారో, రెండూ కలిపి చదువుతున్నా."

"దానికి బడి లేదూ?"

"బడిలో పటం ఉంది. పటంలో ఈ దిబ్బ లేదు."

"లేకపోతే ఏం? దాని మీద నేను లేనా?"

సిత్వాలా పకపకా నవ్వాడు. అతను నవ్వడం నసిలేలేకు నచ్చలేదు. ఇద్దరూ దారిలో ఏదో మాట్లాడుకునే వచ్చి ఉంటారని తోచింది. ఆ తర్వాత చోల్వే అడిగిన ప్రశ్నలు వింటే ఎవరికైనా అలాగే తోస్తుంది.

"వరదకు మీరు మెరకకు ఎప్పుడు వెళ్తారత్తా?"

"వెళ్ళం."

"నీళ్ళొచ్చినా?"

"ఈతొచ్చు."

"మరి అందరూ వెళ్తారు కదా. మీరు లేనప్పుడు ఇక్కడ ఎవరైనా ఉంటారా? మళ్ళీ తిరిగి ఎప్పుడొస్తారు?"

చూశారా! ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుంది, ఎవరు కాపలా, ఎన్నాళ్ళకు తిరిగొస్తారు. దొంగ ఇంతకంటే ఏం అడుగుతాడు? పైగా నవ్వు మొహం పెట్టుకుని అడుగుతోంది. "మా పశువులు మనుషుల్ని పొడుస్తాయి" అని మాత్రం చెప్పి నసిలేలే ఊరుకుంది. దొడ్డిలో ఉన్న ముసలి ఆవు అప్పుడే నెమరు వేస్తూ చోల్వే చెయ్యి నాకింది. పశువుక్కూడా బుద్ధి లేకపోయింది.

కాసేపటికి ఆ పిల్ల దోనెలోంచి ఇనప బరమా ఒకటి తీసింది. మనిషెత్తు ఉంది, పైన అడ్డ పిడి, కింద పిడికిలంత గిన్నెలాంటి మొన. దాన్ని దిబ్బ నడినెత్తిన గుచ్చి తిప్పడం మొదలుపెట్టింది.

"ఆగాగు! ఏం చేస్తున్నావ్?" నసిలేలే చేపలు వదిలేసి పరిగెత్తింది.

"ఈ మైదానంలో దిబ్బలు రెండు రకాలత్తా. కొన్ని ఏరే పోసింది. కొన్ని మనుషులు పోశారు. ఏది ఏదో లోపలి మట్టి చెబుతుంది."

"మట్టినెందుకు అడగడం? నేను చెబుతున్నాగా. మా అమ్మమ్మ పోసింది."

చోల్వే మొహమాటంగా తల గోక్కుంది. "అందరూ మా అమ్మమ్మే పోసిందంటారత్తా. నేను చూసుకోవాలి కదా."

అంటే ఆ పిల్లదీ అనుమానపు చదువేనన్నమాట. ఆ ముక్కకు నసిలేలేకు కోపం రావాల్సింది పోయి ఒక్క క్షణం గౌరవం కలిగింది. కానీ ఆ గౌరవం ఎంతోసేపు నిలవలేదు. చోల్వే లోతు లోతుకూ మట్టి తోడి చిన్న చిన్న సంచుల్లో పోస్తుంటే, సిత్వాలా పక్కన గొంతుక్కూర్చుని ఆ సంచులు పట్టుకున్నాడు. ఒక సంచి ఎత్తి వెలుతురులో చూసి, "అన్న దిబ్బ మట్టి" అన్నాడు, తృప్తిగా.

నసిలేలే ఆ సంచుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టింది.

ఆ చుట్టుపక్కల దిబ్బల వాళ్ళ పద్ధతి ఒకటుంది. దిబ్బ మీద తగాదా వస్తే, నాదనేవాడు ఆ దిబ్బ మన్ను మూటగట్టి తీసుకెళ్ళి పెద్ద ముందు పెట్టాలి. ఎవరి మూట ముందు చేరితే వాళ్ళ మాట ముందు వింటారు. ఇప్పుడు చూడండి. మరిది వచ్చాడు, చదువుకున్న పిల్లను ముందు పెట్టుకున్నాడు, తన కళ్ళముందే తన దిబ్బ మన్ను మూటలు కట్టించాడు. ఇంకా అనుమానమేమిటి? పటమూ లేదు, చదువూ లేదు, మూటలు నేరుగా పెద్ద ఇమాసికు కొలువుకే వెళ్తాయి!

అయినా ఇంటికొచ్చిన మనిషికి తిండి పెట్టకుండా పంపడం ఆ ఇంటా వంటా లేదు. మొక్కజొన్న సంకటి వండింది, చేప పులుసు పెట్టింది, కుండలో పులిసిన పాలు కడుపునిండా పోసింది. ఎండకు సోలిపోయిన చోల్వే మామిడి చెట్టు కింద అట్లాగే నిద్రపోయింది. సిత్వాలా చేపల మావు చూసుకొస్తానని గట్టు దిగాడు. మూటలు చెట్టు మొదట్లో వరసగా ఉన్నాయి.

నసిలేలే వాటిని తట్టలో పెట్టుకుని ఏటి ఒడ్డుకు నడిచింది. చేపలు ఎండబెట్టే ఇసుక మేట మీద ఒక్కో మూటా విప్పి, లోపలి మట్టి తట్టలో గుమ్మరించి, బదులు ఏటి ఇసుక నింపింది. పై లోతువాటికి పొడి ఇసుక, అడుగు లోతువాటికి తడి ఇసుక. ఆ మాత్రం తెలివి లేకపోతే ఎట్లా? మళ్ళీ గట్టిగా ముళ్ళు వేసి ఉన్నచోటే పెట్టేసింది. తన మన్నును మాత్రం పారబోయలేదు. బరమా చేసిన గుంతలో పోసి, కాలితో తొక్కి, పైన పేడ అలికింది.

సాయంత్రం దోనె కదిలేటప్పుడు చోల్వే మూటల్ని ఒళ్ళో పెట్టుకుని, "మళ్ళీ ఏడాది వచ్చి ఏం తేలిందో మీ అందరికీ చెప్తానత్తా" అంది.

"తప్పకుండా రా తల్లీ" అంది నసిలేలే. ఆ రోజు రాత్రి ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది.

వరద వచ్చింది. అందరితోపాటు ఆమె కూడా ఆవునూ సామాన్లనూ దోనెకెక్కించి మెరకకు వెళ్ళింది, నీళ్ళు తీశాక తిరిగొచ్చింది. కొలువు నుంచి కబురేమీ రాలేదు. ఇసుక మూట చూసి ఇమాసికు సిత్వాలాను తరిమేసి ఉంటాడని ఆమె లోలోపల సంబరపడుతూనే ఉంది. ఎండలు ముదిరాక ఒకరోజు కబురొచ్చింది. చదువుల పిల్ల వచ్చిందట, దిబ్బల వాళ్ళందర్నీ పెద్ద వాకిట్లోకి రమ్మంటోందట.

వెళ్ళి చూస్తే చాపంత పటం. చోల్వే దాన్ని నేల మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. జనం విరగబడ్డారు. ఎవరి దిబ్బ వాళ్ళు వేలుపెట్టి చూపించుకుంటున్నారు. "మాది చూడు, ఎంత లావుందో!" "ఆ, నీలాగే." ఇమాసికు కూడా పెద్దరికం పక్కనబెట్టి వంగి చూశాడు.

"ఎర్రగా వేసినవి మనుషులు పోసినవి, లోపల నల్లమట్టీ బూడిదా ఉన్నవి" అంది చోల్వే. "నీలంగా వేసినవి ఏరు పోసినవి, ఒట్టి ఇసుక."

నసిలేలే తన దిబ్బ కోసం వెతికింది. కొంగల దిబ్బ నీలంగా ఉంది.

చోల్వే ఆమెకేసి చూసింది. ఆ చూపులో బాధ ఉంది. "అత్తా, మీ దిబ్బ సంగతే నాకు అంతుపట్టలేదు. తోడేటప్పుడు నల్లమట్టి చూసినట్టే గుర్తు. తీరా లుసాకా వెళ్ళి విప్పి చూస్తే పైనుంచి అడుగుదాకా ఒట్టి ఏటి ఇసుక. నా కళ్ళనే నేను అనుమానించాను."

సిత్వాలా పటాన్ని చూశాడు, వదినను చూశాడు, మళ్ళీ పటాన్ని చూశాడు. తర్వాత మెల్లగా వెళ్ళి ఇమాసికు ముందు మోకరిల్లి చప్పట్లు కొట్టాడు.

"పెద్దా, ఒక మాట. మనుషులు పోసిన దిబ్బ పోసినవాళ్ళ వంశానిది. ఏరు పోసిన దిబ్బ పెద్ద ఎవరికిస్తే వాళ్ళది. ఇది మన కట్టుబాటే కదా?"

"కట్టుబాటే" అన్నాడు ఇమాసికు.

"కొంగల దిబ్బ ఏరు పోసిందేనని తేలింది. అక్కడ కాపురం ఉండమని మీ నాన్నగారు మా అన్నతో అన్నారు. అన్న లేడు. తమ్ముణ్ణి నేనున్నాను."

నసిలేలే కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. దిబ్బ పోతే ఇక మైదానంలో ఆమెకు నిలబడే చోటు లేదు. మెరక మీద ఎవరి పంచనో ఏడాది పొడుగునా పడి ఉండాలి. నోరు మూసుకుంటే దిబ్బ పోతుంది. నోరు తెరిస్తే పరువు పోతుంది.

"నేనే మార్చాను" అంది.

"ఏమిటి?"

"మట్టి. నిద్రపోతుంటే మూటలు విప్పి ఇసుక పోశాను. ఆ పిల్లా వీడూ కలిసి నా మన్ను కొలువుకు మోస్తున్నారనుకున్నాను."

జనం ముక్కున వేలేసుకున్నారు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇప్పుడు దిబ్బ పోతుందని కథ అల్లుతోంది" అంది పక్క దిబ్బ నమటామా, అందరికీ వినబడేటట్టు.

"కథ కాదు" అంది చోల్వే. ఆ పిల్ల మొహం కందిపోయింది. "ముడి మారింది. నేను వేసిన ముడి కాదది, వల ముడి. దోనెలో ఈ సిత్వాలా బిగించాడేమో అనుకున్నా." ఒక అడుగు ముందుకేసి నసిలేలే ఎదట నిలబడింది. "ఏడాది అత్తా! ఆ ఇసుకను కడిగాను, జల్లించాను, ఎండబెట్టి చూశాను. మా పంతులు నన్ను తెలివితక్కువదాన్నన్నాడు. నన్ను అడిగితే చెప్పేదాన్ని కదా?"

మేనరికపు వరసలో తిట్టినా పడొచ్చు. ఇది తిట్టు కాదు. నసిలేలేకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

సిత్వాలా మాత్రం ఒంటికాలి మీద లేచాడు. "విన్నారుగా పెద్దా! సంచిలో మట్టి మార్చిన మనిషి దిబ్బలో మట్టి మార్చదా? మళ్ళీ తవ్విద్దామంటుంది. ఈలోగా వెళ్ళి గుంతలో బూడిద పోసి, ఇదిగో మా అమ్మమ్మ అంటుంది."

అవునవునన్నారు అందరూ. అతని స్థానంలో ఉంటే నసిలేలే కూడా అదే అనేది.

ఇమాసికు లేచి నిలబడ్డాడు. "ఇటునుంచి ఇటే అందరం దిబ్బకు వెళ్దాం. ఎవరూ ముందు పోవడానికి లేదు. పాత గుంత దగ్గర కాదు, పిల్ల చూపించిన కొత్త చోట తవ్వుదాం. నసిలేలే, నువ్వు చెయ్యి పెట్టకూడదు. ఎవరు తవ్వాలో మాత్రం నువ్వే చెప్పు. ఆ చేతికి ఏది వస్తే అదే తీర్పు."

ఎవరి పేరు చెబుతుంది? నమటామా కన్ను ఎప్పట్నుంచో మామిడి చెట్టు మీద ఉంది. చోల్వే మనసు విరిగి ఉంది, పైగా ఇప్పుడు ఏది తేలినా నసిలేలే మీద జాలిపడి తేల్చిందంటారు. ఇమాసికు తండ్రి ఇచ్చిన మాటను ఇమాసికు ఎందుకు కాదంటాడు? ఒక్కో మొహమే చూసుకుంటూ వచ్చింది. ఒక్క మొహం కూడా నమ్మేటట్టు లేదు. చివరికి చూపు వచ్చి మరిది దగ్గర ఆగింది.

"సిత్వాలా తవ్వుతాడు" అంది.

"నీకేమైనా మతి పోయిందా?" అంది నమటామా.

"పోతే నాదే పోయింది. నీకేం?"

దోనెలన్నీ కొంగల దిబ్బకు చేరాయి. చోల్వే ఏటివైపు వాలులో చోటు చూపించింది. సిత్వాలా చొక్కా విప్పి బరమా పట్టుకున్నాడు. నసిలేలేను దూరంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నారు. కూర్చుంది.

మొదటి తోడు ఇసుక. రెండోది ఇసుక. మూడోది కొంచెం నల్లబడిన ఇసుక. "వరద బురద" అన్నారెవరో. అప్పుడు ఆమెకు ఇంతకుముందెన్నడూ రాని అనుమానం ఒకటి వచ్చింది. అమ్మమ్మ నిజమే చెప్పిందా? తట్టలు మోయడం తను కళ్ళారా చూసిందా? నలుకుయికి కూడా గొప్పలు చెప్పుకునే నోరే. ఇసుక దిబ్బ మీద గుడిసె వేసుకుని, నేనే పోశానని మనవరాలికి కథ చెప్పి ఉంటే? ఛీ, చచ్చిపోయిన అమ్మమ్మను కూడా అనుమానించానే అని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ అనుమానం పోలేదు.

బరమా ఎక్కడో బిగుసుకుంది. సిత్వాలా బలమంతా పెట్టి తిప్పి పైకి లాగాడు. మొనలో ఉన్నదాన్ని అరచేతిలోకి దులుపుకున్నాడు. అతని వీపు ఇటువైపు ఉంది. ఏముందో ఎవరికీ కనబడలేదు. అతను దాన్ని చూస్తూ ఉండిపోయాడు. వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి.

అయిపోయింది, పిసికేస్తాడు, అనుకుంది నసిలేలే.

సిత్వాలా ఇటు తిరిగి ఇమాసికు ముందు అరచెయ్యి తెరిచాడు. నల్లటి బంకమట్టి ముద్ద. అందులో బూడిద, రెండు చేప ముళ్ళు. ముద్ద ఒక పక్క అడ్డంగా నిలువుగా గీతలు, తట్ట అల్లిక అచ్చు. బురద తట్టలోంచి జారిన నాడు పడిన అచ్చు, పొరపాటున కూడా ఏరు అట్లా అల్లలేదు.

"తట్ట" అన్నాడు సిత్వాలా. "ఎవరో ఆడమనిషి మోసిన తట్ట."

ఇమాసికు ఆ ముద్దను రెండు చేతులా అందుకున్నాడు. తీర్పు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేకపోయింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నసిలేలే మాత్రం కూర్చున్నచోటే కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకునే, అమ్మమ్మా అమ్మమ్మా అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

జనం సర్దుకున్నాక సిత్వాలా వచ్చి పక్కన కూలబడ్డాడు. "నన్నెట్లా నమ్మావు వదినా?"

"నమ్మానని ఎవరన్నారు?" అంది, ముక్కు చీదుకుంటూ. "ఇంకెవరి చేతికి వచ్చినా నువ్వు నమ్మవు. నీ చేతికి వస్తేనే నీ నోరు మూతపడుతుంది. అందుకని."

అతను అరచేతికి అంటిన మట్టి గిల్లుకున్నాడు. తర్వాత, "నిరుడు ఆ పిల్లను దోనెలో ఊరికే తెచ్చానంతే. నీ మీద ఒట్టు, అప్పుడు నాకా ఊహే లేదు. ఇసుక అని తేలాకే బుద్ధి గడ్డి తింది" అన్నాడు.

నసిలేలే అతని మొహాన్ని మొప్ప ఎత్తి చూసినట్టు చూసింది. నిజమైతే ఈ తగాదా పుట్టించింది తను పోసిన ఇసుకే. అది నిజమో కాదో ఆమెకు తేలలేదు, ఆ తర్వాత కూడా తేలలేదు.

చోల్వే కొత్త మూట కట్టబోతూ ఆగి, సంచి ఆమె ముందు పెట్టింది. "ముడి నువ్వే వెయ్యత్తా. మళ్ళీ నాకు ఇంకో ఏడాది లేదు."

నసిలేలే వల ముడి వేసింది. లాగి చూసింది. ఇంకోసారి లాగి చూసింది. "ఇది ఊడితే నా పేరు మార్చుకుంటాను టోంగా పిల్లా" అంది. చోల్వే మొహంలో ఇంకా కోపం ఉంది, కానీ నవ్వింది.

"వదినా" అన్నాడు సిత్వాలా, మెడ తుడుచుకుంటూ. "నీ దిబ్బ మీద గొంతు తడుపుకోవడానికి ఏమైనా ఉందా?"

నీ దిబ్బ. నసిలేలే విన్నది. విననట్టే లేచి లోపలికి వెళ్ళింది. ఆ మాట మనసులోంచి వచ్చిందా, పాల కోసం వచ్చిందా అని పులిసిన పాల కుండ దించుతూ ఆలోచించింది. అయినా అతనికి చెంబు అంచుదాకా పోసింది.